వైరస్ బయటికొచ్చే దినం వేరు, రోగం ముదిరే దినం వేరు

ఇయ్యాల బన్సీలాల్‌పేట్ అంటే మన పోరగాళ్లకు మెట్ల బాయే యాదికొస్తది. ఏండ్లకేండ్లు చెత్తతోని పూడిపోయిన బాయిని తోడి, బాగుచేసి, 2022 డిసెంబర్‌ల తెరిచిన్రు. ఫొటోలు దిగనీకె ఊర్లకెళ్లి గూడ వస్తున్రు. మంచిదే. కని ఆ బాయి కాడికెళ్లి నడిచిపోయేంత దూరంలనే గాంధీ దవాఖాన ఉన్నది. ఎన్కట ముషీరాబాద్ జైలు ఉన్న జాగ అది. 2020 మార్చి 2 నాడు తెలంగాణల మొదటి కరోనా కేసు అని చెప్పింది ఆ దవాఖానల ఉన్న మనిషి గురించే. దుబాయ్ పోయొచ్చి, బెంగళూరుకెళ్లి బస్సుల హైదరాబాద్ వచ్చిన సాఫ్ట్‌వేర్ పోరడు. మంచిగనే కోలుకుని ఇంటికి పోయిండు. అదే బన్సీలాల్‌పేట్‌ల శ్మశానం గూడ ఉన్నది. రెండు వేవులల్ల కోవిడ్‌తోని పోయినోళ్లను కాలవెట్టిన జాగలల్ల అదొకటి.

ఒకటే వైరస్. ఒకలు బ్యాగు భుజానేసుకుని గేటు దాటి ఇంటికి పోయిన్రు, ఒకలు అటునుంచి అటే కట్టెల మీదికి పోయిన్రు. అప్పట్ల అందరం అనుకున్నదేందంటే, పోయినోళ్ల ఒంట్ల వైరస్ ఎక్కువ ఉండె, బతికినోళ్లకు తక్వ ఉండె అని. దాంతోని ఇంకో లెక్క గూడ తయారైంది: ఎవలికి రోగం ఎక్కువుంటె వాళ్ల కాడికెళ్లే మందికి ఎక్కువ అంటుతది, మంచిగ తిరిగేటోని కాడ భయం లేదు. ఊర్లకు ఊర్లు ఈ లెక్క మీదనే నడిచినయ్. ఈ లెక్క తప్పు. అది ఎక్కడ తప్పిందో తెల్వక మనం భయపడాల్సిన దినం భయపడలే, భయపడొద్దన్న దినం మనుషులను ఊరవతల పెట్టినం.

ముందుగాల ఒక మాట సాఫ్ చేసుకుందాం. డాక్టర్లు 'వైరల్ షెడ్డింగ్' అంటరు. అంటే ఒంట్ల జొర్రిన వైరస్ బయటికి రాలుడు. వైరస్ మన కణంల దూరి, దాన్ని కార్ఖాన లెక్క వాడుకుని, తనలాంటియే వేలకు వేలు తయారుచేస్తది. అవి ముక్కుల, గొంతుల చేరి, దగ్గితే, తుమ్మితే, గట్టిగ మాట్లాడితే, పాట పాడితే, ఉత్తగ ఊపిరి ఇడిచినా బయటవడ్తయ్. పేగులల్లకెళ్లి దొడ్డికి పోయినప్పుడు గూడ రాల్తయ్. పక్కోనికి ఎంత అంటుతది అన్నది ఈ రాలుడు మీద ఉంటది. మరి మనకు ఎంత జరమొస్తది, దమ్మొస్తదా, ఆక్సిజన్ పెట్టాల్నా అన్నది? అది వేరే సంగతి. అందుల వైరస్‌కు ఎంత పాత్ర ఉన్నదో మన ఒంటికి గూడ అంత పాత్ర ఉన్నది.

ఈ రెండిటికి రెండు వేర్వేరు గడియారాలు ఉన్నయనుకోండ్రి. ఒకటి ముందు నడుస్తది, ఇంకోటి ఎనక.

మొదటి గడియారం వైరస్‌ది. 2020 మొదట్ల వచ్చిన కరోనా అయితే సోకినంక నాలుగైదు దినాలకు లక్షణాలు మొదలయ్యేటియి. గొంతుల వైరస్ బాగ పెరిగేది ఎప్పుడంటే, లక్షణాలు మొదలయ్యేటాల్లకు కొంచెం ముందు, కొంచెం ఎన్క. అంటే గొంతు జర గరగర అన్న దినం, లేదంటే దాని ముందు దినం. అప్పటికి మనిషి పొలం పోతుంటడు, హోటల్ల చాయ్ తాగుతుంటడు, పెండ్లిల బరాత్ ముంగట ఎగురుతుంటడు. జర్మనీల మ్యూనిక్ దవాఖానల 2020 జనవరి, ఫిబ్రవరిల తొమ్మిది మంది తక్వ రోగమున్నోళ్లను మళ్ల మళ్ల పరీక్షించిన్రు. మొదటి వారంల వాళ్ల గొంతు సాంపిళ్లల్లకెళ్లి పాణమున్న వైరస్‌ను ల్యాబుల పెంచగలిగిన్రు. ఎనిమిదో దినం దాటినంక మిషన్ల వైరస్ ముక్కలు కనవడ్డయ్ గని పెంచుదామంటే ఒక్కటి గూడ పెరగలే.

రెండో గడియారం రోగానిది. చాలమందికి అది వారంల ఆగిపోతది. కొందరికి మాత్రం ఆరో దినానికో, ఎనిమిదో దినానికో తిరగవడ్తది. జరం తగ్గినట్టే తగ్గి మళ్ల వస్తది. నాలుగడుగులేస్తే దమ్మొస్తది. వేలుకు పెట్టుకునే ఆక్సిమీటర్ల 97 ఉన్నది 93కు, 88కి పడ్తది. అప్పటికి గొంతుల వైరస్ దిగుతనే ఉంటది! ఊపిరితిత్తులను పాడుచేస్తున్నది అప్పుడు ఒక్క వైరసే కాదు, వైరస్ మీద ఉరికొచ్చిన మన ఒంటి సిపాయిలు గూడ. దొంగ పారిపోయినంక గూడ లాఠీలు ఆపకుంట ఇంట్ల సామాను పలగ్గొట్టినట్టు. అందరికి గట్ల ఎందుకు కాదు? వయసు, షుగరు, లావు, గుండె, కిడ్నీ రోగాలు, అంతకుముందు టీకా పడ్డదా లేదా, ఇయ్యన్ని కలుస్తయ్. కొందరి ఒంట్ల మొదటి రోజులల్ల వైరస్‌ను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం సరిగ పనిచేయదని గూడ తేలింది. దాంతోని మొదట్ల మెల్లగ ఉండి, ఆఖరుకు ఒక్కసారి దాడి చేస్తది.

రెండు గడియారాలు ఒక్కతీరుగ నడిస్తే ఎట్లుంటుండెనో మనకు ఒక ఉదాహరణ ఉన్నది. 2003ల సార్స్ అని ఒక రోగం వచ్చింది. అది గూడ కరోనా జాతి వైరసే, మనుషులను చంపుడుల దీనికంటె ముదురు. కని దాన్ని నెలలల్లనే ప్రపంచం మీదికెళ్లి తుడిచేసిన్రు. ఎట్లనంటే, అందుల ముక్కు, గొంతులల్ల వైరస్ ఎక్కువయ్యేది రెండో వారంల, పదో దినం ఆసుపాసున. అప్పటికే మనిషి మంచం మీద, దవాఖానల ఉండేటోడు. రోగి ఎవలో కనవడేది, అంటించేటోడు గూడ వాడే. పట్టుకుని పక్కకు పెడితే అయిపోయేది. కోవిడ్ గట్ల కాదు. అంటించే దినం మనిషి మంచిగ కనవడ్తడు, మంచిగ లేని దినం అంటించుడు తగ్గుతది. ఒక్క ముక్కల చెప్పాల్నంటే, 2003ల ఆపగలిగినోళ్లం 2020ల ఆపలేకపోయింది చాలమటుకు ఈ తేడాతోనే.

"మంచిగున్నోని ఒంట్ల వైరస్ తక్వనే ఉంటది గద" అని అడుగుతరు. నేను గూడ మొదట్ల అట్లనే అనుకున్న. కని లెక్కలు వేరే చెప్పినయ్. ఇటలీల వో అనే చిన్న ఊరు ఉన్నది. మన మండల కేంద్రమంత గూడ ఉండదు. 2020 ఫిబ్రవరి, మార్చిల ఆ ఊర్ల దాదాపు అందరికి పరీక్షలు చేసిన్రు. సోకినోళ్లల్ల వందకు నలభై మందికి పైన ఏ లక్షణం లేదు. లక్షణాలు ఉన్నోళ్ల ముక్కుల, లేనోళ్ల ముక్కుల వైరస్ లెక్క చూస్తే పెద్ద తేడా లేదు. దక్షిణ కొరియాల ఒక ఐసొలేషన్ సెంటర్‌ల 303 మందిని చూసిన్రు, అక్కడ గూడ అదే మాట. మన హైదరాబాద్‌ల ఉన్న సీడీఎఫ్‌డీ సైంటిస్టులు గూడ తెలంగాణ సాంపిళ్లు చూసి లక్షణాలు లేనోళ్లల్ల వైరస్ దండిగ ఉండొచ్చని అప్పుడే చెప్పిన్రు.

అన్నిటికంటె సాఫ్‌గ తేల్చింది లండన్‌ల 2021ల చేసిన ప్రయోగం. 18 నుంచి 29 ఏండ్ల వయసున్న 36 మంది పోరగాళ్లు, పోరిలు సొంత ఇష్టంతోని ముక్కుల వైరస్ చుక్కలు వేయించుకున్నరు. అందరికి అదే వైరస్, అదే మోతాదు. అయినా సగంమందికే, 18 మందికి సోకింది. సోకినోళ్లల్ల ఎవలికి ముదరలే. కొందరికి సర్ది, గొంతునొప్పి, వాసన పోవుడు, కొందరికి అసలేమి లేదు. ముక్కుల, గొంతుల వైరస్ ఎంతున్నదన్న దానికి, లక్షణాలు ఎంతున్నయన్న దానికి లంకె దొరకలే. పాణమున్న వైరస్ సగటున ఆరు దినాల పైచిలుకు రాలింది, ఒకరిద్దరికి 12 దినాల దాక. తర్వాత వాళ్ల గదులల్ల గాలిని గూడ లెక్కబెట్టిన్రు. అందరు కలిసి గాలిలకు ఇడిచిన వైరస్‌ల వందకు 86 వంతులు ఇద్దరి కాడికెళ్లే వచ్చింది! వాళ్లిద్దరికి ఉన్నయి ఎక్కువ లక్షణాలు గూడ కావు. ఇంకో సంగతి: గాలిలకు రాలిన దాంట్ల చాల మటుకు, మొదటి చిన్న లక్షణం తెలిసినంకనే రాలింది. అంటే "ఏ లక్షణం లేకుంటనే అంతా అంటుకుంటది" అన్నది గూడ పూర్తిగ నిజం కాదు. గొంతు గరగర, ఒళ్లు నొప్పులు, "ఎండకు పోయొచ్చిన గద, అందుకే" అని మనం పక్కకు పెట్టే గా చిన్న సూచన వచ్చిన దినమే అసలు దినం.

మరి వైరస్ ఎక్కువుండుటానికి, రోగం ముదురుటానికి అసలు సంబంధమే లేదా అంటే, ఉన్నది, కాదన. న్యూయార్క్‌ల దవాఖానల చేరిన 1,145 మందిని చూసినప్పుడు, చేరినప్పుడు వైరస్ ఎక్కువున్నోళ్లల్ల చావులు కొంచెం ఎక్కువున్నయ్. వైరస్ పదింతలు పెరిగితే ముప్పు వందకు 7 వంతులు పెరిగింది. రోగం ముదిరినోళ్ల ఒంట్ల వైరస్ ఎక్కువ దినాలు ఉంటది గూడ. నెదర్లాండ్స్‌ల దవాఖానల ఉన్న 129 మందిని చూస్తే, పాణమున్న వైరస్ మధ్యరకం లెక్కల 8 దినాలు రాలింది, కొందరికి 20 దినాల దాక వచ్చింది. క్యాన్సర్ మందులు వాడేటోళ్లు, కిడ్నీ మార్పించుకున్నోళ్లు అయితే వారాలు, నెలలు గూడ పట్టొచ్చు. ముక్కుల ఉన్న వైరస్ కంటె రక్తంల తేలిన వైరస్ ముక్కలు, కింద ఊపిరితిత్తులల్ల ఉన్న వైరస్ రోగానికి దగ్గరి సుట్టాలు. కని ఇదంత వేల మందిని ఒక్కదిక్కు పెట్టి చూసినప్పుడు కనవడే సంగతి. ఒక్క మనిషి రిపోర్టు చేతుల పట్టుకుని "నువ్వు బతుకుతవ్, నువ్వు సస్తవ్" అని చెప్పనీకె అది పనికిరాదు.

ఈడనే మన ఊర్లల్ల పెద్ద గడబిడ అయింది. 2021 ఎండాకాలం యాది చేసుకోండ్రి. వాట్సాప్‌ల ఎవలకెవలు ఫోన్ చేసినా "సీటీ ఎంతొచ్చింది?" అదే ముచ్చట. అందుల సీటీలు రెండున్నయని సగం మందికి తెల్వదు. ఒకటి ఆర్‌టీ-పీసీఆర్ రిపోర్టుల ఉండే సీటీ విలువ. మిషన్ వైరస్ ముక్కలను ఒక్కో సైకిల్‌కు రెండింతలు చేసుకుంట పోతది. ఎన్ని సైకిళ్లకు కనవడితే అదే ఆ నంబర్. నంబర్ తక్వుంటే వైరస్ ఎక్కువున్నట్టు. 20 వచ్చినోనికి, 30 వచ్చినోనికి వెయ్యింతలు తేడా. రెండోది ఛాతికి తీసే సీటీ స్కాన్ స్కోరు, 25కు ఇన్ని అని రాస్తరు. ఇందుల నంబర్ ఎక్కువుంటే ఊపిరితిత్తులు ఎక్కువ పాడైనట్టు. ఒకటి ఎంత తక్వుంటే అంత వైరస్, ఇంకోటి ఎంత ఎక్కువుంటే అంత దెబ్బ. పేరు మాత్రం ఒకటే!

"18" అని ఒక్క నంబర్ తీసుకోండ్రి. పీసీఆర్ల 18 వచ్చిన ఇంటర్ పోరడు గొంతునిండ వైరస్‌తోని ఉంటడు, ఊరంతా అంటియ్యగలుగుతడు, రెండు దినాల తర్వాత క్రికెట్ ఆడుతడు. స్కాన్ల 18 వచ్చిన వాళ్ల తాతకు అదే దినం పీసీఆర్ చేస్తే 32 రావొచ్చు, అంటే ముక్కుల వైరస్ దాదాపు ఒడిసింది. తాతను చూసి జనం ఉరికిన్రు, పోరనితోని కలిసి కూసున్నరు. ఇంకొకలు పీసీఆర్ల 17 చూసి ఇగ పాణం పోతదని ఎడ్లను అమ్మి పట్నం పోయిన్రు. 31 వచ్చినోళ్లు "మనకు తక్వనే ఉన్నది" అని ఇంట్లనే పండుకుని, తొమ్మిదో దినం పెదవులు నీలవడ్డంక ఆటో ఎక్కిన్రు. పీసీఆర్ నంబర్ చూసి రోగం ఎంతున్నదో చెప్పొద్దని ఐసీఎంఆర్ 2020లనే చెప్పింది. ముక్కుల పుల్ల ఎంత లోతుకు పెట్టిన్రు, ఎట్ల తిప్పిన్రు, ఏ కిట్టు వాడిన్రు, ఎన్నో దినం తీసిన్రు, ఎండల ఎంతసేపు ఉంచిన్రు, వీటితోని గూడ నంబర్ మారుతది. ఆ మాట ఊరి దాక రాలే. వచ్చింది ఫార్వర్డ్ మెసేజే.

మందుల కాడ గూడ ఈ రెండు గడియారాల సంగతే. రెమ్‌డెసివిర్ అన్న సూదిమందు యాదికున్నదా? మన హైదరాబాద్ కంపెనీ హెటిరోనే 2020 జూన్‌ల కోవిఫర్ పేరుతోని తెచ్చింది, ఒక్క సీసా రేటు 5,400 రూపాయలు. రెండో వేవుల అది బ్లాకుల ఎంతకు అమ్ముడువోయిందో ఒక్కో ఇంట్ల ఒక్కో కథ. అది వైరస్ పెరుగుడును ఆపే మందు. దవాఖానల చేరినోళ్లకు ఇచ్చి చూసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షల, 2020 అక్టోబర్‌ల, చావులు తగ్గినట్టు పెద్దగ కనవడలే. అదే మందును ముప్పు ఎక్కువున్నోళ్లకు, లక్షణాలు మొదలైన వారం లోపల, మూడు దినాలు ఇచ్చి చూస్తే దవాఖానల చేరుడు వందకు 87 వంతులు తగ్గిందని 2021 ఆఖర్ల ఇంకో పరీక్షల తేలింది. మందు అదే, దినం వేరు. మనం మాత్రం పాణం మీదికొచ్చినంక, వైరస్ తన పని ముగించుకుని పోతున్నప్పుడు, దాని కోసం బంగారం కుదవవెట్టినం.

డెక్సామెథసోన్ దీనికి ఉల్టా. పది రూపాయలు గూడ పడని స్టెరాయిడ్ గోలీ. 2020 జూన్‌ల బ్రిటన్ల రికవరీ అనే పెద్ద పరీక్షల తేలింది: వెంటిలేటర్ మీద ఉన్నోళ్లల్ల చావులు మూడోవంతు తగ్గినయ్, ఆక్సిజన్ మీద ఉన్నోళ్లల్ల ఐదోవంతు తగ్గినయ్. ఆక్సిజన్ అక్కర లేనోళ్లకు ఏం లాభం లేదు. ఎందుకంటే అది వైరస్‌ను చంపేది కాదు, ఎగవడ్డ మన సిపాయిలను కూసోవెట్టేది. సిపాయిలు వైరస్‌తోని కొట్లాడుతున్న మొదటి వారంల వాళ్లను కూసోవెడితే ఏమైతది? వైరస్‌కు దారి సాఫ్ అయితది, షుగర్ పెరుగుతది. అయినా 2021ల రెండో దినమే స్టెరాయిడ్ మింగినోళ్లు ఎంతమందో. అటెన్క బ్లాక్ ఫంగస్ వచ్చి కోఠి ఈఎన్‌టీ దవాఖాన నిండింది. అందరికి స్టెరాయిడ్‌తోనే వచ్చిందనలేం, షుగర్ ఉన్నోళ్లే ఎక్కువ. కని షుగర్, స్టెరాయిడ్ కలిసినకాడ అగ్గికి గాలి తోడైంది.

ఇగ తగ్గినోళ్ల ముచ్చట. ఇది చెప్తుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తది. దవాఖానకెళ్లి డిశ్చార్జ్ అయి వచ్చినోళ్లను పొలిమేర కాడ ఆపిన్రు. "నెగటివ్ కాయితం తే, అప్పుడు రా" అన్నరు. మొదట్ల సర్కారు గూడ నెగటివ్ వచ్చేదాక దవాఖానలనే ఉంచింది. 2020 మే 8 నాడు కేంద్రం రూలు మార్చింది: తక్వ రోగమున్నోళ్లకు లక్షణాలు మొదలైనకాడికెళ్లి పది దినాలు గడిచి, మూడు దినాలు జరం లేకుంటె పరీక్ష లేకుంటనే ఇంటికి పంపొచ్చు, ఇంటికాడ ఇంకో వారం జాగ్రత్త. ముదిరినోళ్లకు మాత్రం ఒక నెగటివ్ కావాలె. ఎందుకు ఈ తేడా? ఇప్పటిదాక చెప్పుకున్నదే. తక్వ రోగమున్నోళ్లల్ల పాణమున్న వైరస్ పది దినాలకు ఒడుస్తది, ముదిరినోళ్లల్ల ఇంకొన్ని దినాలు ఉండొచ్చు. చాలమంది "సర్కారు బెడ్లు లేక తోలేస్తున్నది" అన్నరు. బెడ్ల తిప్పలు నిజమే, రూలు ఎన్క శాస్త్రం గూడ నిజమే.

మరి పది దినాలైనంక గూడ పాజిటివ్ ఎట్లొస్తది? పత్తి ఏరినంక చేన్ల కట్టె నిలవడి ఉంటది గద. దూరంకెళ్లి చూస్తే చేనులనే కనవడ్తది. ఏరనీకె పోతే పత్తి ఉండదు. పీసీఆర్ మిషన్ కట్టెను చూసి గూడ "పత్తి చేనే" అంటది. 79 పరిశోధనలను ఒక్కకాడ పెట్టి చూసినోళ్లు, వైరస్ ముక్కలు ముక్కు, గొంతులల్ల సగటున 17 దినాలు, ఒక మనిషిల అయితే 83 దినాల దాక దొరికినయని చెప్పిన్రు. కని పాణమున్న వైరస్ తొమ్మిదో దినం దాటినంక ఆ పరిశోధనలల్ల యాడ దొరకలే. 83వ దినం పాజిటివ్ వచ్చిన మనిషిని ఊర్లకు రానీయకపోతే ఆ మనిషి మీద పడ్డ శిక్షకు ఎవలు జవాబు చెప్తరు?

ఈ కట్టెతోని గూడ ఒక మంచి పని అయింది. రోగం ముదిరినోళ్లు, ముదరనోళ్లు, తగ్గినోళ్లు, అందరు దొడ్డికి పోతరు, అందరి వైరస్ ముక్కలు డ్రైనేజీలకే పోతయ్. సోకినోని ఒంట్లకెళ్లి 35 దినాల దాక ముక్కలు రాల్తయని లెక్కవెట్టి, తార్నాక దిక్కున్న సీసీఎంబీ, ఐఐసీటీ సైంటిస్టులు హైదరాబాద్ల మురికినీళ్లు శుద్ధిచేసే ప్లాంట్లకెళ్లి నీళ్లు తెచ్చి చూసిన్రు. 2020 ఆగస్టుల వాళ్లు చెప్పిన అంచనా, ఆ ముప్పై ఐదు దినాల కాలంల పట్నంల సుమారు 6.6 లక్షల మందికి సోకి ఉంటదని. అప్పటికి రాష్ట్రం మొత్తంమీద సర్కారు లెక్క లక్ష లోపే! మిగిలినోళ్లెవలు? పరీక్ష చేయించుకోనోళ్లు, లక్షణాలు లేనోళ్లు, సర్ది అనుకుని గోలీ ఏసుకున్నోళ్లు. గాంధీల మంచాల మీద ఉన్నోళ్లు మన కండ్లకు కనవడ్డ కొసనే, గట్టు కింద గుట్ట ఉన్నది. మురికినీళ్లల్లకెళ్లి అంటుతదేమోనని భయపడొద్దు, అవి ముక్కలే, అంటించేటివి కావని గూడ వాళ్లే చెప్పిన్రు.

బన్సీలాల్‌పేట్ శ్మశానం సంగతి మళ్ల ఒకసారి. పోయినోళ్లకు రోగం అన్నిటికంటె ఎక్కువ ముదిరింది, కాబట్టి శవం కాడికెళ్లే అన్నిటికంటె ఎక్కువ అంటుతదన్న భయం ఊరూరా పట్టుకున్నది. ఎన్నో ఊర్లల్ల శ్మశానానికి తెస్తే అడ్డంవడ్డరు, సొంత కొడుకులే దూరం నిలవడ్డరు. మనిషి ఊపిరి ఇడుస్తలేడు, దగ్గుతలేడు, మాట్లాడ్తలేడు. వైరస్ బయటికొచ్చే పెద్ద దర్వాజ మూసుకపోయింది. ముట్టేటోళ్లు గ్లౌజులు, మాస్కు పెట్టుకుని జాగ్రత్తగ ఉంటె సాలు, బూడిదతోని ఏ ముప్పు లేదని కేంద్రం 2020 మార్చిలనే కాయితం ఇచ్చింది. ఆఖరిసారి మొఖం చూపెట్టొచ్చని గూడ అందుల ఉన్నది. అయినా బొక్కలు ఏరుకోనీకె రానోళ్లున్నరు. వాళ్లను తిట్టబుద్ధి కాదు. వాళ్లకు ఈ రెండు గడియారాల సంగతి ఎవలు చెప్పిన్రు గనక?

2021 మేల నల్లగొండ జిల్లాల ఒక తండా పోరడు చెట్టు మీద మంచం కట్టుకుని పదకొండు దినాలు ఉన్నడు. పాజిటివ్ వచ్చింది, ఇంట్ల ఉన్నది ఒకటే గది, అమ్మానాయినకు అంటొద్దని. దేశమంతా వార్త అయింది. ఆ పోరని మనసు గొప్పది, అందుల అనుమానం లేదు. కని రిపోర్టు చేతికొచ్చేటాల్లకు అంటించే దినాలు సగం గడిచిపోతయ్. జరం మొదలైంది ఒకనాడు, పీహెచ్‌సీకి పోయింది ఇంకోనాడు, రిపోర్టు వచ్చింది మరోనాడు. ఆ ముందు రెండు దినాలు ఇంట్ల అందరితోని ఒకటే గదిల పండుకునేది గద మనమంతా. చెట్టు ఎక్కాల్సింది గొంతు గరగర అన్న పొద్దున. ఆ పొద్దున ఎవలికి తెలుస్తది? అందుకే ఒకటే గది ఉన్న ఇంటికి ఊరి బడినో, హాస్టల్‌నో ముందే తెరిచిపెట్టాలె. ఆ పని చెట్టుది కాదు, పంచాయతీది, సర్కారుది.

ఇప్పుడు కరోనా గూడ మారింది. ఒమిక్రాన్ వచ్చినంక సోకుటానికి, లక్షణాలకు మధ్య దినాలు తగ్గినయ్. 2022 జనవరిల హోం ఐసొలేషన్ ఏడు దినాలకు తగ్గించిన్రు, ఆఖరి మూడు దినాలు జరం ఉండొద్దు. టీకా పడ్డోళ్లల్ల గూడ వైరస్ ఎక్కుడు పెద్దగ తగ్గలే, దిగుడు మాత్రం తొందరగ అయింది. రోగం ముదురుడు మస్తుగ తగ్గింది. అదే చూడుండ్రి, టీకా రెండో గడియారాన్ని ఎక్కువ ఆపింది, మొదటి దాన్ని కొంచెమే ఆపింది. "టీకా ఏసుకున్నా అంటుకున్నది, ఇంకెందుకు టీకా" అన్నోళ్లు ఈ రెండిటిని కలిపేసిన్రు.

మన పెద్దమనుషులకు ఈ రాలుడు సంగతి అసలే తెల్వదనలేం. ఇంట్ల పిల్లకు అమ్మ పోస్తే గుమ్మానికి ఏపమండ కట్టి, పొక్కులు ఎండి పెచ్చులయ్యేదాక బయటికి పంపకపోదురు. ఆటలమ్మల పొక్కులు పెచ్చుగట్టేదాకనే అంటుతది, డాక్టర్ల పుస్తకంల గూడ అదే ఉన్నది. కని ఆటలమ్మ గూడ పొక్కులు రాకముందు ఒకటి రెండు దినాల కాడికెళ్లే అంటుతది, ఆ దినాలు ఏపమండకు అందవు. టీబీల ఇంకోతీరు. మందులు సరిగ మొదలువెట్టినంక రెండు వారాలకు చాలమందిల అంటించుడు దాదాపు ఆగిపోతది, మందులు మాత్రం ఆరు నెలలు వాడాలె. ఆ ఆరు నెలలు పాపం టీబీ మనిషికి ఇంట్ల గిలాస వేరే, పళ్లెం వేరే, మంచం ఆరుబయట. రెండు వారాల ముందు, ఎవలికి తెల్వక ముందు, నెలలకొద్ది దగ్గినప్పుడు మాత్రం "బీడీ దగ్గు" అని అందరం పక్కపొంటే కూసుంటిమి.